బ్యాటరీమీద బ్రతికే కంప్యూటరు బోర్డు: మన నమూనాలపై ఒక విమర్శ

ఒక యంత్రాన్ని గురించి విచారించేటప్పుడు, అది ఏమి చేస్తుందనే ప్రశ్న మొదట పుడుతుంది. అది దేనిమీద బ్రతుకుతుంది, ఎంతకాలం బ్రతుకుతుంది అనే ప్రశ్న ఆ వెంటనే పుట్టవలెను. గోదావరి డెల్టాలోని ఉన్నత పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో నేడు చిన్న కంప్యూటరు బోర్డులతో తయారైన నమూనాలు తరచుగా కనబడుతున్నవి. రొయ్యల చెరువులో ప్రాణవాయువును కొలిచేది ఒకటి, వరిచేలో తడిని తెలిపేది ఒకటి, వరదమట్టాన్ని ఫోనుకు పంపేది మరొకటి. మొదటి ప్రశ్నకు ఇవి చక్కని సమాధానం చెబుతున్నవి. రెండవ ప్రశ్న వేసిన వెంటనే చాలా నమూనాలు తడబడుతున్నవి. నివేదికలో ప్రోగ్రామును గురించి పది పుటలు ఉంటే, విద్యుత్తును గురించి "బ్యాటరీతో పనిచేయును" అని ఒక్క పంక్తి మాత్రమే ఉంటుంది. ఈ ఒక్క పంక్తిని పరీక్షించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ బోర్డుల చరిత్ర పెద్దది కాదు. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, విద్యార్థుల ఉపయోగార్థం పుట్టింది. దానిలో ఎక్కువ ప్రచారం పొందిన ఊనో రకం 2010లో వెలువడింది. రాస్బెరీ పై అనే బ్రిటిషు బోర్డు 2012లో విపణికి వచ్చింది. 2016లో మైక్రోబిట్ అనే బోర్డును బ్రిటనులో బడిపిల్లలకు పంచిపెట్టారు. అదే సంవత్సరం మన దేశంలో నీతి ఆయోగ్ ఆధ్వర్యాన అటల్ ఇన్నొవేషన్ మిషన్ ప్రారంభమైంది. ఎంపికైన పాఠశాలలకు అటల్ టింకరింగ్ ప్రయోగశాలల నిమిత్తం 20 లక్షల రూపాయల వరకు సహాయం లభించింది. నాలుగైదు వందల రూపాయల బోర్డుతో పల్లెటూరి బాలుడు ఒక కొలత యంత్రాన్ని నిర్మించగలగటం సామాన్యమైన విషయం కాదు. కావున ఈ విమర్శ ఆ ప్రయత్నాన్ని తక్కువ చేయటానికి కాదు. ప్రదర్శన బల్లమీద నడిచిన యంత్రం చెరువుగట్టుమీద కూడ నడవాలనే కోరికే దీనికి మూలం.

తొమ్మిది వోల్టుల పెట్టె

నమూనాలలో తరచుగా కనిపించే మొదటి దోషం తొమ్మిది వోల్టుల దీర్ఘచతురస్రాకారపు బ్యాటరీ. ఊనో బోర్డుకు 7 నుండి 12 వోల్టుల వరకు ఇవ్వవచ్చునని తయారీదారులే తెలిపారు. తొమ్మిది ఆ రెంటి మధ్యనున్న సంఖ్య. అందుచేత ఇది తగిన బ్యాటరీయే అని విద్యార్థి భావిస్తాడు. వోల్టేజి సరిపోయినంత మాత్రాన బ్యాటరీ సరిపోయినట్లు కాదు.

బోర్డులోని సూక్ష్మనియంత్రకం 5 వోల్టులతో పనిచేస్తుంది. తొమ్మిదిని అయిదుగా తగ్గించేది ఒక రెగ్యులేటరు. ఇది నీటిని కాలువలోనికి వదిలే తూము వంటిది కాదు. మిగిలిన నాలుగు వోల్టులను వేడిగా మార్చి పారవేసే సాధనం. బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడ సుమారు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీ ఇచ్చే సామర్థ్యం 9 × 0.05 = 0.45 వాట్లు. బోర్డుకు చేరేది 5 × 0.05 = 0.25 వాట్లు. అనగా నూటికి 44 వంతులు రెగ్యులేటరును వెచ్చబరచటానికే ఖర్చు. రూపాయి పెట్టి కొన్న శక్తిలో తొమ్మిది అణాలు కూడ పనికి రావటం లేదు!

ఆ బ్యాటరీ మంచి ఆల్కలైన్ రకమైతే, కొద్దిపాటి ప్రవాహంతో వాడినప్పుడు సుమారు 500 మిల్లీ ఆంపియరు గంటలు ఇస్తుంది. ఐదు వందలను యాభైతో భాగించి "పది గంటలు" అని వ్రాస్తే లెక్క తప్పు కాదు, ఊహ తప్పు. లోపల ఆరు చిన్న ఘటాలు వరుసగా ఉంటవి. వాడుతున్నకొద్దీ వాటి వోల్టేజి దిగజారుతుంది. మొత్తం ఏడు వోల్టులకు దిగేసరికి బోర్డు సందేహంలో పడుతుంది. అప్పటికి బ్యాటరీలో ఇంకా కొంత ఆవేశం మిగిలే ఉంటుంది, కాని అది ఈ బోర్డుకు అందదు. అంగడిలో తక్కువ ధరకు దొరికే జింకు-కార్బన్ రకమైతే ఈ పది గంటల మాట తలచనే అక్కరలేదు.

దీనికి తోడు అంతర్నిరోధం ఒకటున్నది. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఈ పదాన్ని పాఠంలో చదువుతారు, లెక్కలు చేస్తారు, పరీక్షలో వ్రాస్తారు. నమూనా తయారుచేసేటప్పుడు మాత్రం మరచిపోతారు. ఒక బ్యాటరీ అంతర్నిరోధం 10 ఓములు అనుకుందాము. దానికి తగిలించిన చిన్న మోటారు బయలుదేరేటప్పుడు 300 మిల్లీ ఆంపియర్లు లాగితే, లోపలనే 10 × 0.3 = 3 వోల్టులు పడిపోతవి. బయటకు వచ్చేవి ఆరే. మోటారు కదలగానే బోర్డు ఆగిపోయి, మళ్ళీ మొదటినుండి ప్రారంభిస్తుంది. విద్యార్థి ప్రోగ్రాములో తప్పు వెదకుతాడు. తప్పు ప్రోగ్రాములో లేదు, ఓమ్ నియమంలో ఉన్నది.

మిల్లీ ఆంపియరు గంటల భ్రమ

రెండవ దోషం మరింత లోతైనది. బ్యాటరీమీద ముద్రించే మిల్లీ ఆంపియరు గంటలు ఆవేశాన్ని తెలుపుతవి, శక్తిని తెలుపవు. వోల్టేజితో గుణించి వాట్-గంటలు చేసినప్పుడే శక్తి తెలుస్తుంది. నీటి పరిమాణం మాత్రమే చెప్పి, అది ఎంత ఎత్తునుండి పడుతున్నదో చెప్పకపోతే జలవిద్యుత్కేంద్రం లెక్క ఎట్లా తేలదో, ఇదీ అంతే.

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాలలోని రొయ్యల చెరువులను ఉదాహరణగా తీసుకుందాము. పగటివేళ నీటిలోని నాచువంటి సూక్ష్మజీవులు కిరణజన్య సంయోగక్రియవల్ల ప్రాణవాయువును విడుదల చేస్తవి. రాత్రి ఆ ఉత్పత్తి ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. అందుచేత నీటిలో కరిగిన ప్రాణవాయువు రాత్రంతా తగ్గుతూ వచ్చి, తెల్లవారుజామున మిక్కిలి హీనస్థితికి చేరుతుంది. లీటరుకు 4 మిల్లీ గ్రాములకు తగ్గకుండ ఉంటే రొయ్యలకు క్షేమం. 3 కంటె తగ్గితే కష్టం. అందుకే రైతు రాత్రివేళ ఏరియేటర్లు తిప్పుతాడు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతవి. ప్రాణవాయువును కొలిచే యంత్రం కూడ అదే కరెంటుమీద ఆధారపడితే, ఏ క్షణంలో అది అరవవలెనో సరిగా ఆ క్షణంలోనే మూగపోతుంది. కావున ఇక్కడ బ్యాటరీ అలంకారం కాదు. ఆ యంత్రం ప్రయోజనమంతా దానిమీదనే ఉన్నది.

ఇట్టి యంత్రాన్ని రాస్బెరీ పై నాలుగవ రకంతోను, 10,000 మిల్లీ ఆంపియరు గంటల పవర్ బ్యాంకుతోను నిర్మించారనుకుందాము. పనిలో లేనప్పుడు కూడ ఆ బోర్డు 5 వోల్టులవద్ద సుమారు 600 మిల్లీ ఆంపియర్లు, అనగా 3 వాట్లు తీసుకుంటుంది. పదివేలను ఆరు వందలతో భాగిస్తే పదహారు గంటలకు పైగా వస్తుంది. సాయంత్రం ఆరింటికి పెడితే ఉదయం ఆరింటిదాకా పన్నెండు గంటలే గదా, ఇంకా నాలుగు గంటలు మిగులుతుంది అని నివేదికలో వ్రాస్తారు.

నిజానికి పవర్ బ్యాంకుమీది సంఖ్య దాని లోపలి లిథియం ఘటాలది. వాటి వోల్టేజి 3.7. కావున శక్తి 3.7 × 10 = 37 వాట్-గంటలు. దానిని 5 వోల్టులకు పెంచే సాధనంలో కొంత నష్టమున్నది. నూటికి 85 వంతులు బయటకు వస్తుందనుకుంటే మిగిలేవి 31 వాట్-గంటలకు కొంచెం ఎక్కువ. మూడు వాట్లచొప్పున ఇవి పదిన్నర గంటలకు సరిపోతవి. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టిన యంత్రం తెల్లవారుజామున నాలుగున్నరకు ఆగిపోతుంది. చెరువులో ప్రాణవాయువు అట్టడుగుకు దిగే వేళ అదే! పదహారు గంటలని నమ్మి కాపలా పాకలో నిద్రించిన రైతుకు ఒక గుణకారం మరచినందువల్ల పంట నష్టం రావచ్చును.

అయితే తక్కువ ప్రవాహం తీసుకునే బోర్డును పవర్ బ్యాంకుకు తగిలిస్తే సరిపోతుంది గదా అని అడుగవచ్చును. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. పవర్ బ్యాంకు ఫోనుకోసం పుట్టిన వస్తువు. ప్రవాహం మరీ తక్కువైతే, ఫోను నిండిపోయిందని భావించి అనేక పవర్ బ్యాంకులు తమంతట తామే ఆరిపోతవి. శక్తిని పొదుపు చేసిన బోర్డుకే విద్యుత్తు నిలిచిపోతుంది. పొదుపరికి అన్నం పెట్టని సత్రం వంటిది ఇది.

నిద్ర విలువ

బ్యాటరీతో నడిచే యంత్రం నేర్చుకోవలసిన మొదటి విద్య నిద్ర. చెరువు నీటిలో మార్పు నిమిషాలమీద వస్తుంది. సెకనుకు లక్షలాది ఆజ్ఞలు నెరవేర్చే యంత్రం రాత్రంతా మేలుకొని ఉండనక్కరలేదు. పదిహేను నిమిషాలకు ఒకసారి లేచి, కొలిచి, తిరిగి నిద్రిస్తే చాలును.

లెక్క చూడండి. 900 సెకన్లలో 60 సెకన్లు మేలుకొని 80 మిల్లీ ఆంపియర్లు, మిగిలిన 840 సెకన్లు నిద్రిస్తూ 1 మిల్లీ ఆంపియరు తీసుకునే యంత్రమొకటి ఉన్నదనుకుందాము. సగటు ప్రవాహం (60 × 80 + 840 × 1) ÷ 900, అనగా సుమారు 6.3 మిల్లీ ఆంపియర్లు. ఒక లిథియం ఘటంనుండి 2,000 మిల్లీ ఆంపియరు గంటలు నికరంగా దొరికితే, అది దాదాపు 13 రోజులు నడుస్తుంది. పెద్ద బోర్డుకు ఒక రాత్రి చాలని చోట చిన్న బోర్డుకు రెండు వారాలు గడచినవి. తేడా తెచ్చింది బ్యాటరీ కాదు, ఆలోచన.

కాని ఇక్కడ కూడ తొందరపడరాదు. ప్రాణవాయువును కొలిచే ప్రోబులలో కొన్నిటికి కొలతకు ముందు కొన్ని నిమిషాలపాటు విద్యుత్తు ఇచ్చి ఉంచితేగాని సరియైన విలువ రాదు. అట్టిదానికి పది నిమిషాలు కావలసివస్తే, మేలుకొనే కాలం 60 సెకన్లనుండి 600 సెకన్లకు పెరుగుతుంది. సగటు ప్రవాహం సుమారు 54 మిల్లీ ఆంపియర్లకు చేరి, 13 రోజుల యంత్రం 37 గంటల యంత్రంగా మారుతుంది. కావున బ్యాటరీని ఎన్నుకొనటానికి ముందు ప్రోబును ఎన్నుకోవలెను. నివేదికలలో ఈ వరుస తారుమారవుతున్నది.

నిద్ర విషయంలో దోషమంతా విద్యార్థులది కాదు. బోర్డుది కూడ ఉన్నది. ఊనోలోని సూక్ష్మనియంత్రకం ఒక్కటే అయితే గాఢనిద్రలో కొన్ని మైక్రో ఆంపియర్లతో సరిపెట్టుకోగలదు. కాని దాని పక్కన కంప్యూటరుతో సంభాషించే మరొక చిప్పు, రెగ్యులేటరు, ఎప్పుడూ వెలిగే దీపం ఉన్నవి. యజమాని నిద్రించినా పరివారం నిద్రించదు. బోర్డు మొత్తం మీద ఇరవై, ముప్పై మిల్లీ ఆంపియర్లు ఖర్చవుతూనే ఉంటవి. ఊనో ప్రయోగశాల బల్లకోసం తయారైన బోర్డు. నేర్చుకొనటానికి అది ఉత్తమమైనది. చేలో పాతటానికి అది తగినది కాదు. అదే నియంత్రకాన్ని 8 మెగాహెర్ట్జ్ వేగంతో 3 వోల్టులవద్ద, రెగ్యులేటరు లేకుండ, రెండు మామూలు పెన్సిలు సెల్లులతో నడుపవచ్చును. మైక్రోబిట్ రెండు చిన్న సెల్లులతోనే పనిచేసేటట్లు రూపొందింది. బోర్డు పేరును బట్టి గాక, పనిని బట్టి బోర్డును ఎన్నుకొనటం విద్యార్థికి నేర్పవలెను.

సగటు ఒకటి, శిఖరం ఒకటి

సగటు లెక్క సరిపోయినా యంత్రం ఆగిపోయే సందర్భాలు ఉన్నవి. ఫోను ద్వారా సందేశం పంపే జీఎస్ఎం పరికరం దీనికి మంచి ఉదాహరణ. ఇది ప్రసారం చేసేటప్పుడు సెకనులో వెయ్యో వంతుకంటె తక్కువ కాలంపాటు 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. మామూలు మల్టీమీటరు ఈ శిఖరాన్ని చూపలేదు. సగటు మాత్రమే చూపుతుంది. ఘటం, తీగలు, అతుకులు కలిసి 0.3 ఓముల నిరోధం ఉన్నదనుకుంటే, ఆ క్షణంలో 0.6 వోల్టు పడిపోతుంది. 3.9 వోల్టుల ఘటం 3.3 చూపుతుంది. సామాన్యంగా దొరికే సిమ్ 800 ఎల్ పరికరానికి కనీసం 3.4 కావలెను. ఫలితంగా అది ప్రతి సందేశంవద్దా ఆగి, తిరిగి మొదలవుతూ ఉంటుంది. మందమైన పొట్టి తీగలు, పరికరానికి చేరువగా ఒక పెద్ద కెపాసిటరు, తక్కువ అంతర్నిరోధం గల ఘటం, ఇవి దీనికి మందు. ప్రదర్శనలో తీగలు పొడవుగా, సన్నగా, రంగురంగులుగా ఉంటవి. చూడటానికి ముచ్చటే గాని, నిరోధానికి రంగుతో పనిలేదు.

మబ్బు పట్టిన రోజుల పరీక్ష

సూర్యఫలకాన్ని జతచేస్తే అన్ని చిక్కులూ తీరుతవనే నమ్మకం మరొకటి. వరదమట్టాన్ని తెలిపే నమూనాలలో ఇది విశేషంగా కనబడుతుంది. ధవళేశ్వరంవద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఈ రెండు నెలలను గమనించవలెను. గోదావరికి వరద వచ్చే కాలం, ఆకాశం మబ్బు పట్టే కాలం ఒకటే. ఏప్రిలు ఎండలో బాగా నడిచిన నమూనా వరద హెచ్చరికకు అర్హత పొందినట్లు కాదు.

12 వోల్టులు, 7 ఆంపియరు గంటల సీసపు ఆమ్ల బ్యాటరీలో 84 వాట్-గంటలు ఉంటవి. దాని ఆయుర్దాయం కోరేవారు సగంకంటె ఎక్కువ వాడరు, అనగా 42. నిద్ర నేర్చిన యంత్రం సగటున 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 2.9 వాట్-గంటలు ఖర్చు. ఎండ లేకున్నా 14 రోజులు నిలబడుతుంది. నిద్రలేని మూడు వాట్ల యంత్రానికి రోజుకు 72 వాట్-గంటలు కావలెను. అదే బ్యాటరీ దానికి 14 గంటలు మాత్రమే వస్తుంది. ఒకటి పక్షం రోజుల ముసురును దాటింది. రెండవది ఒక రాత్రిని దాటి మరునాటి ఉదయమే చేతులెత్తింది. కేంద్ర జలసంఘం వరద సూచనలకై నడిపే టెలిమెట్రీ కేంద్రాలు కూడ సూర్యఫలకం, బ్యాటరీలమీదనే ఆధారపడి, నియమిత కాలాలలో మాత్రమే సమాచారాన్ని ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా పంపే పద్ధతిని అనుసరిస్తున్నవి. విద్యార్థుల నమూనాకు ఆదర్శం అక్కడ ఉన్నది.

పేరు గొప్ప సెల్లులు

లిథియం అయాన్ ఘటం 1991లో విపణికి వచ్చింది. దానికి మూలమైన పరిశోధనలకు గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే మువ్వురు శాస్త్రజ్ఞులు 2019లో రసాయనశాస్త్రంలో నోబెలు బహుమతి పొందారు. ఇంతటి ఘటంమీద అంగడిలో అబద్ధపు సంఖ్యలు ముద్రించటం విచారకరం. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల సెల్లులో మేలిరకానికి సుమారు 3,500 మిల్లీ ఆంపియరు గంటలు పడుతుంది. దానిమీద 9,900 అని ఉంటే, పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత గుర్తు చేసుకోవలెను. ఆ సంఖ్యను నమ్మి వేసిన లెక్కలన్నీ వ్యర్థమే.

వ్యర్థం కావటం ఒక ఎత్తు, ప్రమాదం మరొక ఎత్తు. ఈ ఘటాన్ని 4.2 వోల్టులు దాటి నింపరాదు. 3 వోల్టులకు దిగువకు ఖాళీ చేయరాదు. దాని ధ్రువాలను పొరపాటున కూడ కలుపరాదు. రక్షణ వలయం లేని సెల్లుకు నేరుగా తీగలు టంకం వేయటం, పాత లాప్‌టాపుల సెల్లులు విప్పి వాడటం పాఠశాలలో అనుమతింపరాని పనులు. నిప్పు అంటుకొన్న తరువాత విజ్ఞానం జ్ఞాపకం వచ్చి లాభం లేదు.

ఉపాధ్యాయులు అడుగవలసినది

ఈ దోషాలకు పిల్లలను నిందించటం న్యాయం కాదు. ప్రదర్శనశాలలో గోడకు ప్లగ్గు ఉంటుంది. న్యాయనిర్ణేత ఒక్కొక్క బల్లవద్ద పది నిమిషాలు నిలబడతాడు. పది నిమిషాలు నడిచిన యంత్రానికి బహుమతి వస్తే, పది రాత్రులు నడిపే యంత్రాన్ని ఎవరు నిర్మిస్తారు? పరీక్ష ఎట్టిదో విద్య అట్టిది అవుతుంది. మార్పు నిర్ణేతల ప్రశ్నలనుండే ప్రారంభం కావలెను.

ప్రతి నివేదికలోను ఒక చిన్న పట్టిక ఉండవలెనని ఉపాధ్యాయులు పట్టుబట్టవచ్చును. మేలుకొన్నప్పుడు ప్రవాహమెంత, నిద్రలో ఎంత, శిఖరప్రవాహమెంత, సగటు ఎంత, బ్యాటరీలో వాట్-గంటలెన్ని, మార్పిడి నష్టమెంత, లెక్క ప్రకారం ఎన్ని గంటలు? ఆ ప్రక్కనే చివరి గడి: నిజంగా నడచినవి ఎన్ని గంటలు? ఈ చివరి గడిని పూరించటానికి యంత్రాన్ని ఒక రాత్రి వదిలిపెట్టి, అది ఎప్పుడు ఆగిందో వ్రాసుకోవటం తప్ప వేరే మార్గం లేదు. రెండు వందల రూపాయల మల్టీమీటరు, ఒక గడియారం దీనికి చాలును. లెక్కకు, అనుభవానికి తేడా వస్తే అది అపజయం కాదు. ఆ తేడాకు కారణం వెదకటమే భౌతికశాస్త్రం. పదవ తరగతిలో చదివిన ఓమ్ నియమం, విద్యుత్ సామర్థ్యం, ఇంటర్మీడియట్‌లో చదివే అంతర్నిరోధం అన్నీ ఆ ఒక్క రాత్రిలో పుస్తకంనుండి బయటకు వచ్చి నిలుస్తవి.

చిన్న కంప్యూటరు బోర్డు మన పిల్లల చేతికి గొప్ప ఆయుధాన్ని ఇచ్చింది. చెరువుగట్టున, కాలువ లాకువద్ద, లంక గ్రామాలలో అది చేయగల మేలు కొల్లలుగా ఉన్నది. కాని ఆ స్థలాలలో గోడకు ప్లగ్గు ఉండదు. అక్కడ యంత్రం తెలివికి విలువ కట్టేది దాని ప్రోగ్రాము కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు అది ఇంకా మేలుకొని ఉన్నదా లేదా అనే ప్రశ్న.